విప్పి కూర్చదగిన వడ్రంగపు పనిబల్ల

విద్యార్థులారా, వడ్రంగమునకు మొదట కావలసిన పనిముట్టు ఏదని యడిగినచో మీలో పలువురు ఉలి యనియు, ఱంపమనియు, చిత్రిక యనియు చెప్పుదురు. అవి యన్నియు కావలసినవే. కాని ఉలి దిగుటకును, ఱంపము నడచుటకును, చిత్రిక జారుటకును వీలగునట్లు కొయ్యను కదలకుండ నిలుపు వస్తువు వానికన్న ముందు కావలెను. అదియే పనిబల్ల.

మన గ్రామములలోని వడ్రంగులు అనేకులు నేలపై కూర్చుండి, కొయ్యను పాదములతో నదిమిపట్టి, బాడిసతోను ఉలితోను పని చేయుదురు. ఈ పద్ధతి చులకన చేయదగినది కాదు. బండిచక్రములును, నాగళ్లును, ద్వారబంధములును ఇట్లే తయారైనవి. చిన్ననాటినుండి అలవడిన వారికి పాదములే వైసు వలె పట్టునిచ్చును. వారమునకు కొన్ని గంటలు మాత్రమే ఈ పని నేర్చుకొను పాఠశాల బాలునకు ఆ నేర్పు త్వరగా చిక్కదు. అతడు నిలుచుండి, రెండు చేతులను పనిముట్టునకే వినియోగింపవలెనన్న బల్ల యుండి తీరవలెను.

ఇచ్చట నొక చిక్కు కలదు. పాఠశాలలోని పనిబల్ల బరువైనది; వేసినచోటనే యుండును. విద్యార్థి పాఠశాలను విడిచిన దినముననే ఆ బల్లను గూడ విడుచుచున్నాడు. ఇంటియొద్ద చూడగా అద్దెకు తీసికొనిన రెండు గదులు, ఇఱుకైన మెట్లు, పగలు కూర్చుండుచోటనే రాత్రి పండుకొనవలసిన కుటుంబము. అయిదడుగుల బల్లకు అచ్చట చోటెక్కడిది? అందుచేత ఉలి మూలబడును, త్రుప్పు పట్టును, నాలుగేండ్లు నేర్చిన చేతిపని ఒక సంవత్సరములో మఱపునకు వచ్చును. ఈ నష్టమును తప్పించుటకై, పనివేళ రాయివలె నిలిచి, పని ముగిసిన పిమ్మట ముక్కలుగా విడివడి గోడకు చేరగిలబడు బల్ల నొకదానిని ఎట్లు ఆలోచించి కట్టవలెనో ఈ వ్యాసమునందు వివరింప బూనితిమి.

1. విప్పదగినది బలహీనమా?

విప్పుటకు వీలైన వస్తువు గట్టిగా నుండదని పలువురి తలంపు. మేకులు కొట్టి బంక పూసినదే గట్టిదని వారందురు. ఈ తలంపు సరియైనది కాదని చూపుటకు మన యిండ్లలోని నులకమంచమే చాలును. మంచపు కోళ్లకు తొలులు, పట్టెల కొనలకు కుసులు ఉండును. తొలి యనగా కొయ్యలో తొలిచిన రంధ్రము. కుసి యనగా ఆ రంధ్రమున దూరునట్లు కొయ్యకొనను సన్నము చేసి తీర్చిన నాలుక. మంచమునకు సాధారణముగా మేకు ఉండదు. నులకను బిగించి అల్లినకొలది అది పట్టెలను లోపలికి లాగి, కుసులను తొలులలో నదిమి పట్టును. నులకను విప్పగనే మంచము కఱ్ఱల కట్టయగును. అయినను ఆ మంచముపై ఇంటిల్లిపాదియు ఏండ్లతరబడి కూర్చుండుటయు, పండుకొనుటయు మనము చూచుచునే యున్నాము.

ఇందలి కీలకమును గమనింపుడు. మంచమునకు బలము నిచ్చునది నులకయొక్క బిగువు. అది సడలినచో మరల బిగింపవచ్చును. మేకు సంగతి అట్టిది కాదు. కొయ్య వేసవిలో ఎండి ముడుచుకొనును; వానలలో తేమ పీల్చి ఉబ్బును; ఇనుపమేకు మాత్రము అట్లు మారదు. ఏటేట ఈ లాగులాటవలన మేకు చుట్టునున్న రంధ్రము పెద్దదగును. సముద్రతీరపు ఊళ్లలో త్రుప్పు దీనికి తోడగును. ఒకసారి సడలిన మేకు ఆ రంధ్రముననే మరల బిగియదు. కావున విప్పదగిన బల్లను ఆలోచించువాడు తన్ను తాను అడుగవలసిన ప్రశ్న యిది: “ఈ కూర్పు సడలినపుడు దేనితో మరల బిగింతును?” దీనికి సమాధానము కలిగిన కూర్పు, మేకులతో కొట్టిన కూర్పుకన్న దీర్ఘకాలము గట్టిగా నుండును.

2. పూర్వులు కట్టిన బల్లలు

ఆంద్రే జాకబ్ రూబో అను ఫ్రెంచి వడ్రంగి 1769వ సంవత్సరము మొదలుకొని వడ్రంగమునుగూర్చి ఒక మహాగ్రంథమును భాగములుగా ప్రకటించెను. అతడు స్వయముగా ఆ వృత్తియందు ఆరితేరినవాడు. ఆ గ్రంథములో చిత్రించిన పనిబల్లకు మిక్కిలి మందమైన ఒకే పలక పైభాగముగా నుండును. కాళ్ల కొనలు ఆ పలకను దూసికొని పైవఱకు వచ్చి అందులో శాశ్వతముగా నాటుకొని యుండును. ఆ బల్ల కదలదు. కాని దానిని మార్చవలెనన్న కొందఱు మనుష్యులు పూని మోయవలసినదే. స్థిరమైన కర్మశాల గలవారికి అది మేలైనది.

మఱియొక జాతి బల్ల కలదు. జర్మనుభాష మాటలాడు మొరేవియను సహోదరులు 1753లో అమెరికాలోని ఉత్తర కెరొలైనాకు వచ్చి బెతాబరా యనుచోట ఊరు కట్టుకొనిరి. 1766లో వారే సేలం పట్టణమును ప్రారంభించిరి. అది నేటి విన్‌స్టన్-సేలం నగరములో ఒక భాగము. ఆ సమాజపు వడ్రంగులు వాడిన బల్లకు కాళ్లచట్రములు రెండు వేఱువేఱుగా నుండును. వానిని కలుపు పొడుగుపట్టెల కుసులు కాళ్లను దాటి వెలుపలికి వచ్చును. ఆ వెలి కుసులలో చీలలు దిగగొట్టినచో చట్రములు బిగియును. పైపలక తన బరువుతోనే వానిపై కూర్చుండును. కొడతితో చీలలను తట్టివేసిన యెడల బల్ల కొన్ని ముక్కలుగా విడిపోవును. కొత్త ఊరిలో ఇండ్లు కట్టు చోటికి బల్లను మోసికొనిపోవలసిన పనివానికి ఇంతకన్న అనుకూలమైనది లేదు. మేము క్రింద వివరించు బల్ల ఈ మార్గమునే అనుసరించును.

3. బల్లపై పనిచేయు బలములు

బల్లను గీయుటకు ముందు అది దేనికి ఓర్చుకొనవలెనో తెలియవలెను. ఉలిపై కొడతితో కొట్టునపుడు బలము నిట్టనిలువుగా క్రిందికి పోవును. దీనికి కాళ్లు తిన్నగా నుండి, పైపలక మందముగా నున్న చాలును. పలకయొక్క బిగువు దాని మందముయొక్క ఘనమును బట్టి పెరుగును. అనగా మందమును రెండింతలు చేసిన, వంగకుండు శక్తి ఎనిమిదింతలగును. 1¼ అంగుళపు పలక దెబ్బకు ఎగిరిపడును. 2½ అంగుళముల పలక దెబ్బను కొయ్యకే అప్పగించును.

చిత్రిక పట్టునపుడు వేఱొక విధమైన బలము కలుగును. మనుష్యుడు తన బరువంతయు ముందునకు త్రోయును. ఆ త్రోపు బల్ల పొడవు వెంబడి అడ్డముగా పోవును. అపుడు కాళ్లు ఒక దిక్కునకు ఒరుగజూచును. చౌకపు చట్రము నాలుగు మూలలయందు సడలిన యెడల ఏటవాలు చతుర్భుజముగా మారునని మీరు క్షేత్రగణితమున చదివియున్నారు. పనిబల్లలు పాడగుటకు ఈ ఊగులాటయే ముఖ్యకారణము.

దీనిని ఆపునది పొడుగుపట్టెయొక్క ఎత్తు. కుసి మొదట కాలిని తాకి నిలుచు అంచును భుజమందుము. కాలు ఒరుగునపుడు భుజముయొక్క ఒక మూల కాలిని నొక్కును. ఎదుటి మూల కాలినుండి విడజూచును. ఈ రెండు మూలలకు నడుమ దూరము హెచ్చిన కొలది, కూర్పుపై బడు శ్రమ తగ్గును. తలుపునకు రెండు బందులను దగ్గఱ దగ్గఱగా కొట్టిన యెడల తలుపు వ్రాలును. పైన నొకటి క్రింద నొకటి దూరముగా కొట్టిన యెడల నిలుచును. ఇదియు నంతియే. కావున పొడుగుపట్టెను మందముగా చేయుటకన్న ఎత్తుగా చేయుట మేలు. రెండంగుళముల ఎత్తుగల సన్నపట్టెలను బిగించి “బల్ల ఊగుచున్నది” అని వగచుట వ్యర్థము.

4. కొయ్య

టేకు మేలైనది. అది తక్కువగా ముడుచుకొనును, తక్కువగా వంగును. చెదలకు సులువుగా లొంగదు. కాని వెల యెక్కువ. తుమ్మ గట్టిది, బరువైనది. బండ్లకును నాగళ్లకును మనవారు వాడునది. కాళ్లకు, పట్టెలకు, ముఖ్యముగా చీలలకు అది తగును. మద్దియు, వేపయు కూడ పనికివచ్చును. మామిడి చవుక, అయినను పురుగు పట్టును గనుక ఆ జాగ్రత్త తీసికొనగలవారు మాత్రమే వాడవలెను. పాత పెంకుటిండ్లను పడగొట్టినపుడు అమ్మకమునకు వచ్చు దూలములును, ద్వారబంధములును మన పనికి మిక్కిలి అనుకూలమైనవి. అవి ఏండ్లకొలది ఎండినవి. కోయుటకు ముందు వానిలో దాగిన మేకులను వెదకి తీయవలెను. లేనియెడల ఱంపపు పండ్లు పోవును.

పచ్చికొయ్యతో బల్ల కట్టరాదు. కొయ్య ఆరినదో లేదో తెలిసికొనుటకు సులభమైన ఉపాయము కలదు. దానిలోనుండి ఒక ముక్కను కోసి, నీడన నుంచి, వారమున కొకసారి తూచి వ్రాసికొనవలెను. బరువు తగ్గుచున్నంత కాలము అందులో నీరు పోవుచున్నదని యర్థము. తగ్గుట ఆగినపుడు పని ప్రారంభింపవచ్చును.

మఱియొక విషయము జ్ఞాపకముంచుకొనవలెను. కొయ్య నారవెంబడి, అనగా పొడవున, దాదాపు మారదు. నారకడ్డముగా, అనగా వెడల్పున, ఋతువును బట్టి మారును. పండ్రెండంగుళముల పలక రోహిణికార్తె వడగాలికిని శ్రావణమాసపు వానలకును నడుమ అంగుళములో ఎనిమిదవ వంతు వఱకు హెచ్చుతగ్గులు పొందవచ్చును. ఈ కదలికకు చోటియ్యని కూర్పు పలకను చీల్చును.

5. కొలతలు

బల్ల ఎత్తును పనివాని శరీరమును బట్టి నిర్ణయింపవలెను. తిన్నగా నిలుచుండి చేతులను వ్రేలాడవిడిచి, అరచేతిని నేలకు సమముగా త్రిప్పినపుడు ఆ చేయి ఎంత ఎత్తున నుండునో అది చిత్రిక పట్టుటకు తగిన ఎత్తు. ఎదిగిన విద్యార్థికి సుమారు 30 అంగుళములు సరిపోవును. ఎదుగుచున్న బాలునకై కట్టువారు పెద్దవాని ఎత్తునకే కట్టి, ఇప్పటికి అతని కాళ్లక్రింద ఒక చెక్కమెట్టు వేయుట మంచిది. కాళ్లను కోయుట సులభము. కోసినదానిని అతుకుట అసాధ్యము.

30 అంగుళముల ఎత్తునకు మా కొలతలు ఇవి:

కాళ్లు నాలుగు: ఒక్కొక్కటి 27½ అంగుళముల పొడవు, బల్ల పొడవు వైపున 3 అంగుళములు, వెడల్పు వైపున 3½ అంగుళములు.
కాళ్లచట్రములు రెండు: ఒక్కొక్కదాని వెలి వెడల్పు 20 అంగుళములు. ఒక్కొక్క చట్రమునకు అడ్డపట్టెలు రెండు. ఒక్కొక్కటి 2½ అంగుళముల మందము, 3½ అంగుళముల ఎత్తు. పై అడ్డపట్టె కాళ్ల కొనలతో సమముగాను, క్రింది అడ్డపట్టె నేలకు 3 అంగుళముల ఎత్తునను ఉండవలెను.
పొడుగుపట్టెలు రెండు: 2½ అంగుళముల మందము, 5 అంగుళముల ఎత్తు, భుజమునుండి భుజమునకు 36 అంగుళములు, కుసులతో కూడ 49 అంగుళములు. వీని అడుగు నేలకు 8 అంగుళముల ఎత్తున నుండును గనుక వీని తొలులు అడ్డపట్టెల తొలులతో ఢీకొనవు.
ముందు పలక: 5 అడుగుల పొడవు, 12 అంగుళముల వెడల్పు, 2½ అంగుళముల మందము.
వెనుక పలక: 5 అడుగుల పొడవు, 7 అంగుళముల వెడల్పు, 1 అంగుళము మందము, దాని వెనుక అంచున 1 అంగుళము మందము, 2½ అంగుళముల ఎత్తుగల బద్ద.

వెనుక పలక సన్నమైనది గనుక దాని పైభాగము ముందు పలకకన్న 1½ అంగుళము పల్లమున నుండును. ఆ పల్లమే పనిముట్లనుంచు తొట్టి. అచ్చట నుంచిన ఉలులు కొయ్యకు అడ్డుపడవు, నేలపై పడవు.

లెక్క చేయగోరు విద్యార్థులు ఈ కొలతలనుండి కొయ్య మొత్తమును కట్టి చూడుడు. సుమారు మూడు ఘనపుటడుగులు వచ్చును. కోతకును చిత్రికకును పోవు నష్టముతో నాలుగు ఘనపుటడుగులు కొనవలెను. టేకు ఒక ఘనపుటడుగు సుమారు పదునెనిమిదిన్నర కిలోగ్రాములు తూగును. అందుచేత పూర్తియైన బల్ల బరువు సుమారు 55 కిలోగ్రాములు. అందులో మిక్కిలి బరువైన ముందు పలక 20 కిలోగ్రాములకు లోపుగనే యుండును. ఒక్కొక్క కాళ్లచట్రము తొమ్మిది పది కిలోగ్రాములు. ఏ ముక్కనైనను ఎదిగిన విద్యార్థి యొక్కడే మెట్లెక్కించుకొని పోవచ్చును. నిలిచియున్న బల్లకు ఇంకను బరువు కావలెనన్న, క్రింది పట్టెలపై రెండు చెక్కలు పఱచి ఇసుకసంచి నుంచిన సరి. ఇసుకను మోసికొని తిరుగ నక్కఱలేదు. అది అన్ని ఊళ్లలోను దొరకును.

6. చీలకూర్పు

బల్లకు ప్రాణము ఇచ్చటనే కలదు. కావున దీనిని నిదానముగా చదువవలెనని కోరుచున్నాము.

పొడుగుపట్టె కుసి 1½ అంగుళము మందమును, 3½ అంగుళముల ఎత్తును కలిగి, 3 అంగుళముల కాలిని దాటి ఇంకను 3½ అంగుళములు వెలికి రావలెను. వెలికి వచ్చిన భాగమునందు పైనుండి క్రిందికి ½ అంగుళము వెడల్పుగల రంధ్రము తొలువవలెను. బరమాతో పైనుండి సగము, క్రిందినుండి సగము వేసి, మిగిలినది సన్న ఉలితో చక్కచేసిన యెడల రంధ్రము ప్రక్కకు పోదు.

ఆ రంధ్రము కాలి వెలిముఖముయొద్ద మొదలు పెట్టరాదు. అంగుళములో ఎనిమిదవ వంతు లోపలికి, అనగా కాలిలో కొంచెము దాగునట్లు, మొదలు పెట్టవలెను. భుజమునుండి కొలిచిన యెడల అది 2⅞ అంగుళములు. కారణమేమన, చీల నొక్కవలసినది కాలిని. రంధ్రపు లోపలి గోడ కాలి ముఖముతో సమముగానున్నను, దానికన్న వెలికి వచ్చినను, చీల ఆ గోడకే తగిలి ఆగిపోవును, కాలు బిగియదు. ఎంత కొట్టినను కుసి చీలునే గాని కూర్పు గట్టిపడదు. ఈ చిన్న యెడమే బిగువునకు మూలము.

రంధ్రపు వెలి గోడ కొంచెము ఏటవాలుగా నుండవలెను: క్రింద రంధ్రపు పొడవు 1 అంగుళము, పైన 1 7/16 అంగుళము. అనగా ఎనిమిదికి ఒకటి చొప్పున వాలు. చీలయు ఇదే వాలుతో నుండవలెను: 7 అంగుళముల పొడవు, ½ అంగుళమునకు వెండ్రుకవాసి తక్కువ మందము, సన్నని కొనయందు ⅝ అంగుళము, వెడల్పు కొనయందు 1½ అంగుళము. చీలను ఎనిమిది పాళ్లు దిగగొట్టిన కాలు ఒక పాలు మాత్రమే జరుగును. ఆ మేరకు బలము హెచ్చును. చిన్న దెబ్బ పెద్ద బిగువగుటకు కారణమిదియే.

వాలు మఱికొంత ఎక్కువ చేసిన త్వరగా బిగియదా యని మీరడుగవచ్చును. త్వరగా బిగియును, త్వరగనే ఊడును. కొయ్యపై కొయ్య జారకుండుటకు రాపిడి కారణము. మిట్టయైన బాటపై నిలిపిన బండి వెనుకకు దొర్లును. స్వల్పమైన వాలుపై రాయి యుంచిన అట్లే నిలుచును. ఎనిమిదికి ఒకటియను వాలు రాపిడి హద్దులో నుండును గనుక చీల తనంతట వెనుకకు రాదు. మూడింటికి ఒకటియను వాలైనచో పని వేళ కలుగు అదురునకే పైకి లేచును. చీలను అడ్డముగా గాక నిలువుగా దింపుటయందును లాభము కలదు: అదురువలన అది కదలినను తన బరువున క్రిందికే దిగి బిగియును.

కుసి కొనయందు రంధ్రమునకు వెలుపల రెండంగుళములకు తక్కువ కాని కొయ్య మిగులవలెను. చీల త్రోపు ఆ కొయ్యను నారవెంబడి వెలికి నెట్టును. ఆ భాగము కుఱుచయైన యెడల నారవెంబడి తెగి పలుకుగా ఊడివచ్చును. చూచుటకు అందముగా నుండునని కుసి కొనను కుఱుచగా కోయువారు ఈ సంగతిని మఱవరాదు.

చీలలకు బదులు ఇనుప బోల్టులు వాడవచ్చునా? వాడవచ్చును. నట్టుక్రింద వెడల్పైన ఇనుపబిళ్ల వేసిన యెడల అవియు బాగుగనే బిగియును. కాని వానికి పానా కావలెను. త్రుప్పు భయము కలదు. నట్టు పోయిన బజారునకు పోవలెను. చీల పోయినచో అరగంటలో మఱియొకటి చెక్కుకొనవచ్చును.

7. పైపలకను నిలుపుట

పైపలకలను బంకతో అంటింపరాదు. పై అడ్డపట్టెలయందు 1 అంగుళపు గుండ్రని కొయ్యమేకులు నాటి, పలక అడుగున వానికి రంధ్రములు చేసిన చాలును. ముందు పలకకు ఒక్కొక్క చట్రముపై రెండేసి మేకులు: ముందంచునుండి 5 అంగుళముల దూరమున ఒకటి, 10 అంగుళముల దూరమున మఱియొకటి. ముందు మేకు రంధ్రము బిగువుగా నుండవలెను. వెనుక మేకు రంధ్రమును వెడల్పు వైపునకు పావు అంగుళము సాగదీయవలెను. అపుడు పలక ఉబ్బినను ముడిగినను వెనుకవైపునకే జరుగును. ముందంచు కాళ్లతో ఎల్లపుడు సమముగా నుండును. ఈ సమత్వము అవసరము. పొడవైన పలక అంచును చిత్రిక పట్టునపుడు దానిని బల్ల అంచునకును కాలికిని చేర్చి బిగింపవచ్చును.

కొయ్యను పట్టుటకు మొదట వైసు లేకున్నను పని జరుగును. ముందు పలక ఎడమకొనయొద్ద ఒక చదరపు రంధ్రము చేసి, అందులో గట్టిగా దూరు అడ్డుముక్కను పైకి క్రిందికి జరుపుకొన్న యెడల, చిత్రిక పట్టు కొయ్య దానికి తన్ని నిలుచును. పలక వెంబడి కొన్ని గుండ్రని రంధ్రములు చేసి కొయ్యమేకులు గ్రుచ్చినచో ప్రక్కపట్టు దొరకును. డబ్బు చేకూరినపుడు ఇనుపవైసును బిగించుకొనవచ్చును.

8. పనిక్రమము

మొదట పనికిరాని తుమ్మముక్కలతో ఒక చీలకూర్పును మాత్రము చేసి చూడవలెను. అది బిగిసిన పిమ్మటనే మంచి కొయ్యను ముట్టవలెను. తరువాత కాళ్లచట్రములు. వీనిని విప్ప నక్కఱలేదు గనుక అడ్డపట్టెల కుసులను బంకతో అతికి, కుసికి అడ్డముగా కొయ్యమేకు దింపవలెను. బంక ఆరుటకు ముందు చట్రముయొక్క రెండు కర్ణములను దారముతో కొలువుడు. ఎదుటి భుజములు సమానములైన చతుర్భుజమునందు కర్ణములును సమానములైనచో మూలలన్నియు లంబకోణములని మీ గణితపుస్తకము చెప్పుచున్నది. మూలమట్టము చిన్నది, అది చూపని తప్పును దారము చూపును.

పిమ్మట పొడుగుపట్టెలు. రెండింటి భుజములను ఒక్కసారిగా, ప్రక్క ప్రక్కన పెట్టి, ఒకే గీటుతో గుర్తింపవలెను. ఒక పట్టె మఱియొకదానికన్న అంగుళములో పదునాఱవ వంతు పొడవైనను బల్ల మెలివడును. భుజములను సన్నపండ్ల ఱంపముతో గీటు వెలుపల కోసి, ఉలితో గీటువఱకు చెక్కవలెను. భుజము కాలిని అంతటను తాకవలెను. ఒక మూల మాత్రమే తాకిన యెడల మూడవ ప్రకరణమున చెప్పిన బలమంతయు వ్యర్థమగును. చీలలను చిట్టచివర చేసి, కావలసిన నాలుగింటికి తోడు మఱి రెండింటిని అదనముగా నుంచుకొనవలెను.

9. విప్పుటయు, కూర్చుటయు, కాపాడుటయు

బల్లను మొదటిసారి విప్పుటకు ముందే ప్రతి కూర్పుయొద్ద ఉలితో గుర్తులు పెట్టవలెను: మొదటి కుసికిని, దాని తొలికిని, దాని చీలకును ఒక్కొక్క గాటు, రెండవవానికి రెండు, ఈ ప్రకారము నాలుగువఱకు. చేతితో చేసిన కూర్పులు ఒకదానికొకటి సరిగా ఇమడవు. సుద్దతో వ్రాసినది చెరిగిపోవును. ఉలిగాటు బల్ల యున్నంతకాలముండును.

విప్పునపుడు చీల సన్నకొనను క్రిందినుండి కొడతితో మెల్లగా తట్టవలెను. ఇనుపసుత్తితో కొట్టిన కొన చిట్లును. కూర్చునపుడు నాలుగు చీలలను చేతితో దింపి, తరువాత ఒక్కొక్కదానిని రెండేసి దెబ్బల చొప్పున చుట్టు త్రిప్పుకొని బిగింపవలెను. ఒకదానిని పూర్తిగా బిగించి మఱియొకదానికి పోయిన యెడల చట్రము వంకరపోవును.

వేసవిలో కాళ్ల కొయ్య ముడిగి కూర్పు వదులగును. ఒక్కొక్క చీలకు ఒక దెబ్బ చాలును. తొలకరి వానలు పడగనే చీలలను ఒకసారి చూడవలెను. వేసవిలో మితిమీరి కొట్టినవి, కాలు ఉబ్బినపుడు కుసిని చీల్చజూచును. వానిని కొంచెము సడలింపవలెను. నున్నని సిమెంటు నేలపై బల్ల జారిన యెడల కాళ్లక్రింద పాత సైకిలు టైరుముక్కలు వేయుడు. కాళ్ల అడుగుకొనలకు నూనె పట్టించిన తేమ యెక్కదు.

ఇక తలిదండ్రులకు ఒక మనవి. చదువుకొనిన బాలునకు ఉలితో పనియేమని కొందఱు తలంపవచ్చును. ఈ బల్లను కట్టుటకు క్షేత్రగణితము, భిన్నములు, ఘనఫలము, రాపిడి, ఋతువుల తేమ ఇవన్నియు కావలసి వచ్చినవి. పుస్తకములో చదివినది నిజమో కాదో కొయ్య వెంటనే చెప్పును. మీ యింట ఒక గోడప్రక్క అడుగున్నర చోటు ఇచ్చినచో ఈ బల్ల విప్పిన ముక్కలు అందులో ఇమిడిపోవును. సెలవుదినమున పావుగంటలో లేచి నిలుచును. కుమార్తెలకును ఈ చోటు నియ్యవలెను. చీలను బిగించుటకు కావలసినది మోటుబలము కాదని పైన చూపియున్నాము.

విద్యార్థులారా, ఈ సంవత్సరము పాఠశాలను విడుచువారు ఉలిని పెట్టెలో పెట్టుకొని పోవుటతో తృప్తి పడవలదు. ఇచ్చట బల్లలుండగనే, చూపువారుండగనే, మొదటి చీలకూర్పును తుమ్మముక్కపై చేసి చూడుడు. అది బిగిసిననాడు మిగిలిన బల్ల మీకు కష్టము కాదు.